కుప్ప అడుగున

వెల్డరు అగ్గిపుల్ల గీసి ఆకుల కుప్ప మీద పడేశాడో లేదో, ప్రహరీ గోడ మీంచి ఒక మనిషి దభీమని పెరట్లోకి దూకాడు.

"ఆర్పెయ్! ఆర్పెయ్!" అని అరుస్తూ తిన్నగా మంట మీదికే పరిగెత్తాడు.

మాసిన చొక్కా, పెరిగిన గడ్డం. వెల్డరు ఆ ముఖాన్ని ఎన్నడూ చూసి ఎరగడు.

ఆ వీధిలో పెరటి చెత్తకి ఎవరి పద్ధతి వాళ్లది. ఎడం పక్క టీచరమ్మ గొయ్యి తవ్వి, ఆకూ అలమూ అందులో కుళ్లబెట్టి ఎరువు చేసుకుంటుంది. కుడి పక్క డ్రైవరు కొమ్మలన్నీ మోపుకట్టి, అటూ ఇటూ చూసి, గోడవతల ఖాళీ స్థలంలోకి గిరాటేస్తాడు.

వెల్డరుకి అంత ఓపిక లేదు. వారమంతా రాలిన ఆకులు, కత్తిరించిన కొమ్మలు, ఎండిన తీగలు నడుమెత్తు కుప్ప పోసి, ఆదివారం పొద్దున్నే అంటించేస్తాడు. రోజంతా నిప్పుతో పనిచేసేవాడికి నిప్పంటే లెక్కేముంది?

కానీ ఇలా వట్టి చేతులతో మంటని కెలికేవాణ్ణి మాత్రం అతను ఎక్కడా చూడలేదు.

ఆ మనిషి మండుతున్న కొమ్మల్ని దోసిళ్లతో ఎత్తి విసిరేస్తున్నాడు. నిప్పురవ్వలు పెరడంతా లేచాయి. తీగ మీద ఆరేసిన చీర కొంగు భగ్గుమంది.

"ఒరేయ్! ఎవడ్రా నువ్వు?"

"అడుగుదాకా చూడాలి... ఒక్క నిమిషం అన్నా... అడుగుదాకా..."

"మా ఇంట్లో నీకు అడుగేంట్రా!"

వెల్డరుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. జుట్టు పట్టుకుని లాగి, చెంప పగలగొట్టాడు. ఆ మనిషి విదిలించుకుని మళ్లీ కుప్పలోకి వంగాడు.

వెల్డరు పార అందుకుని, తిరగేసి, వీపు మీద ఒక్కటిచ్చాడు.

ఆ మనిషి బోర్లా పడ్డాడు. పడినవాడు పడినట్టే, మోచేతుల మీద పాకుతూ పొగలు కక్కుతున్న ఆకుల్ని తోసేస్తున్నాడు.

గొడవ విని డ్రైవరు ఇనుప రాడ్డుతో గోడ దూకి వచ్చాడు. మొన్నామధ్యే అతని ఇంట్లో నీళ్ల మోటారు పోయింది. అప్పట్నుంచీ ఎవడు దొరుకుతాడా అని పళ్లు నూరుతున్నాడు.

"వీడేనా? వదలకు!"

రాడ్డు మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వంటింటిదాకా వినబడింది.

"ఆపండి! చచ్చిపోతాడు, మీకు పుణ్యముంటుంది!" వెల్డరు భార్య గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చింది.

"నువ్వు లోపలికి పో!"

ఆ మనిషి తిరిగి ఒక్క దెబ్బా కొట్టలేదు. చెయ్యి అడ్డం కూడా పెట్టుకోలేదు. ఆ చేతులకి వేరే పని ఉంది. బొబ్బలెక్కిన వేళ్లతో చివరి ఆకుల్ని పక్కకి నెట్టాడు. కింద నల్లటి మట్టి కనబడింది.

దాన్ని రెండు చేతులతో తడిమి చూశాడు.

నెత్తురు కారుతున్న ముఖంలో చిన్నపిల్లాడి సంతోషం మెరిసింది.

"ఎవరూ లేరు," అన్నాడు. "హమ్మయ్య, ఎవరూ లేరు."

"ఓహో! ఎవరూ లేరనుకునే దూకావన్నమాట!"

వెల్డరు పార రెండు చేతులా ఎత్తి తల మీద దించాడు.

ఆ మనిషి మళ్లీ మాట్లాడలేదు.

ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నప్పుడు కూడా వెల్డరు తగ్గలేదు. డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాక మాత్రం లేచి వరండా చివరనున్న కానిస్టేబుల్ దగ్గరికి గబగబా వెళ్లాడు.

"దొంగండీ," అన్నాడు కానిస్టేబుల్‌తో. "నోటితోనే ఒప్పుకున్నాడు."

కానిస్టేబుల్ లోపలికి వెళ్లి దుప్పటి తొలగించి చూశాడు. బయటికొచ్చి టోపీ తీశాడు.

"ఈయన్నా చంపింది?"

"మీకు తెలుసా?"

"తెలియకేం. పరాయి పెరళ్లలోకి దూకుతున్నాడని ఎన్నోసార్లు స్టేషన్‌కి లాక్కొచ్చాను. నేనూ రెండు తగిలించాను. పోయిన చలికాలం కాలవ పక్కింట్లో ఇలాగే కుప్ప అంటించబోతుంటే అడ్డంపడి ఆకులన్నీ తిరగదోడాడు. అడుగున ఆ ఇంటి పిల్లే నిద్రపోతోంది! దాగుడుమూతలాడుతూ దూరి, వెచ్చగా ఉందని పడుకుందిట. వెంట్రుక కాలకుండా ఎత్తుకొచ్చి తల్లి చేతిలో పెట్టాడు."

వెల్డరు ఆ గది గుమ్మందాకా నడిచాడు.

అంతలో ఒకావిడ పడుతూ లేస్తూ వచ్చింది. లోపలికి వెళ్లి, ఏడవలేదు. కాలిన ఆ వేళ్లని ఒళ్లో పెట్టుకుని, ఇంకా మండుతున్నాయేమో అన్నట్టు ఊదుతూ కూర్చుంది.

గుమ్మంలో నిలబడిన వెల్డరుని చూసింది.

"ఆస్పత్రికి తీసుకొచ్చింది మీరేనా అన్నా?"

వెల్డరు తల ఊపాడు. నిజం చెప్పబోయి, వేరే మాట అడిగాడు.

"అమ్మా... ఆ కాలవ పక్కింటి కుప్పలో పిల్ల ఉందని ఈయనకి ముందే ఎలా తెలిసింది?"

"తెలీదన్నా. ఏ కుప్పలో ఎవరున్నారో ఈయనకి ఎప్పుడూ తెలీదు. పొగ వాసన వస్తే చాలు, కంచం ముందునుంచి కూడా లేచి పరిగెత్తేవాడు."

ఆమె ఊదడం ఆపి, ఆ చేతుల్ని కొంగుతో కప్పింది.

"మా బాబు దాక్కున్న కుప్పకి, చూడకుండా నిప్పు పెట్టింది ఈయనే."