వంగిన బరిసె

తప్పు చేతిదా, ఇనుముదా? మూడేళ్లుగా కమ్మరి గుర్వయ్యకు తేలని సందేహం అది. రోజూ కొలిమి రాజేసే ముందు వీరభద్రస్వామి పటానికి దండం పెట్టి అదే అడిగేవాడు. ఆ పొద్దున ఉప్పలమ్మ వచ్చి, గోనెగుడ్డ విప్పి, మొన వంగిన బరిసెను అతని ముందు పెట్టింది.

"సూరుల దాసిన మామా. మిలిటరోళ్లు ఇల్లంత సోదా జేసినా దొర్కలె. ఇగ దీంతోని నాకేం పని? కర్రు జేసియ్యి."

ఆమె కొంగు పట్టుకుని ఏడేళ్ల కూతురు ఆండాళు నిలబడి ఉంది.

గుర్వయ్య చెయ్యి వెంటనే ముందుకు రాలేదు. దేవరకొండ పక్కనున్న ఆ పల్లెలో, రజాకార్లకు ఎదురు నిలవడానికి ఇంటింటి ఇనుమూ అతని కొలిమికే వచ్చింది. కొడవళ్లు, గొడ్డళ్లు, ఆఖరికి అట్లకాడలు కూడా. ఉప్పలమ్మ భర్త అంజయ్య అన్నీ ఇచ్చేసి, చివరికి తాతలనాటి ఉక్కు కర్రు కూడా నాగలి నుంచి ఊడదీసి తెచ్చాడు. దాన్నే గుర్వయ్య బరిసె చేశాడు. చెడ్డకాలం పోయాక మళ్లీ కర్రు చేసి ఇస్తానని మాట ఇచ్చాడు. ఆ ఇంట్లో ఇనుము అంటే ఇక ఆ బరిసె ఒక్కటే.

రెండు రోజులకే రజాకార్లు ఊరి మీద పడ్డారు. గుర్వయ్య చేసిన బరిసెలన్నీ నిలిచాయి. అంజయ్యది మాత్రం మొదటి పోటుకే వంగింది. అంజయ్య మళ్లీ లేవలేదు.

గుర్వయ్యను ఎవరూ నిలదీయలేదు. కొడవళ్లు మాత్రం పక్కూరి కొలిమికి పోసాగాయి. రజాకార్ల పక్షాన ఉన్న దొర దగ్గర ఏదో తీసుకుని ఆ ఒక్కదాన్నీ సరిగ్గా నీళ్లలో ముంచలేదని ఊళ్లో గుసగుస. ఇంకా అతని దగ్గరికి వచ్చేది అంజయ్య పక్కింటి సైదులు ఒక్కడే. ఆ వేళా గడ్డపార తెచ్చి కూర్చుని ఉన్నాడు.

"సూడు మామా," అన్నాడు సైదులు. "నీ తప్పు లేదని తేలితే ఊరందరికి నేనే చెప్త."

నీళ్లలో ముంచి గట్టిపరిచిన ఉక్కు మీద, ఇనుము అరగదీసే ఆకురాయి జారుతుంది. మెత్తటిదాన్ని కొరుకుతుంది. గుర్వయ్య తండ్రి నేర్పిన పరీక్ష అది. మొన మీద ఆకురాయి పెట్టి తోశాడు. కొరికింది. తళతళమని పొడి రాలింది. సైదులు ముఖం తిప్పుకున్నాడు.

నాలుగు వేళ్లు పైకి జరిగి మళ్లీ తోశాడు గుర్వయ్య. జారింది. ఇంకోసారి తోశాడు. జారింది.

ఎర్రగా కాలిన బరిసెను అతను ముంచేదే మొనవైపు నుంచి. పైభాగం గట్టిగా ఉండి మొన మెత్తబడిందంటే, తన కొలిమి దాటాక ఎవరో దాన్ని మళ్లీ నిప్పుల్లో పెట్టి గట్టిదనం పోగొట్టారు. అంత చెడ్డవాడెవడు? ఒక్క క్షణం సైదులును కూడా అనుమానంగా చూశాడు.

"గా రెండ్రోజులు ఇది ఎక్కడుండె బిడ్డా?" అని అడిగాడు.

"ఇంట్లనే. ఆయన ముట్టలె, బయటోళ్లు రాలె. పిల్లకు కామెర్లాయె, దాన్ని ఇడిసి నేను గడప దాటలె." ఉప్పలమ్మ కూతురి తల నిమిరింది. "ఆయన బోయిండు. దీన్నన్న దక్కించుకున్న. నేను జేసిన మంచిపని గదొక్కటే మామా."

ఆండాళు వంగి ఇనుప పొడిలో వేలితో గీతలు గీస్తోంది. గుర్వయ్య ఆ పిల్లవైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఆకురాయి కింద పెట్టాడు.

"తప్పు నాదే బిడ్డా. గా దినం బాగ అలిసిపోయి ఉంటి. మంచిగ ముంచలె."

సైదులు తన గడ్డపార తీసుకుని వెళ్లిపోయాడు.

ఉప్పలమ్మ కూతురిని దగ్గరికి తీసుకుంది. "పోనీ మామా," అంది. "తెలిసింది గద. ఇగ జర నిద్రవడ్తది."

గుర్వయ్య స్వామి పటం వైపు చూడకుండా తిత్తి లాగాడు. బరిసెను కాల్చి, సాగగొట్టి, కర్రు చేశాడు. మొన ముందుగా నీళ్లలో దించాడు. చల్లారాక ఆకురాయి పెట్టి చూశాడు. జారింది. అంజయ్యకు ఇచ్చిన మాట చెల్లింది.

"తీస్కో బిడ్డా, మీ నాయినది," అని పిల్లకు అందించాడు.

ఆండాళు రెండు చేతులూ చాపింది. ఆమె ముంజేతి మీద, కామెర్లకు పెట్టిన పాత వాత అచ్చం బరిసె మొనలా ఉంది.