గ్రౌండులో శెనక్కాయలు

"ఏమ్మా, బీపీఎడ్ చదువు తృప్తిగా ఉందా?" తనిఖీకి వచ్చిన సారు ఆరీఫాను అడిగాడు.

పక్కనే ఆ వ్యాయామ విద్య కాలేజీ యజమాని ఓబులేసు నిలబడ్డాడు. ప్రాక్టికల్ మార్కులు ఆయన చేతిలోనే ఉన్నాయి. గ్రౌండు నిండా ఆయన శెనక్కాయలే ఎండుతున్నాయి.

"శానా తృప్తి సార్. పొద్దున్నే కాయలు ఆరబోస్తాం, అది డ్రిల్లు. మేకలొస్తే తరుముతాం, అది పరుగుపందెం. మాపటికి మూటలెత్తుతాం, అది వెయిట్ లిఫ్టింగు."

ఓబులేసు ముఖం మాడిపోయింది.

సారు మాత్రం నవ్వాడు. "మంచి బలమే వచ్చింది. ఒక మూట నా కారులో పెట్టమ్మా."

"పెట్టు పాపా," అన్నాడు ఓబులేసు తేలికపడి.

ఆరీఫా మెడలోని విజిల్ తీసి గట్టిగా ఊదింది. కాయలు ఆరబోస్తున్న పిల్లలంతా ఆగి చూశారు.

"ఏంటమ్మా?"

"ఫౌల్ సార్. మిమ్మల్ని రెఫరీ అనుకుంటి. మీరూ ఆయన టీమేనా?"