అత్తగారి పక్కన మేకు

అత్తగారు పోయి నాలుగేళ్లయినా వంటింటి గోడమీది ఫొటోలోంచి చూస్తూనే ఉంది, మాట్లాడుతూనే ఉంది. ఈ రోజుల్లో అందరిళ్లలోనూ అంతే. నోరు మూయించే మీట ఏ ఫొటోకీ ఉండదు. అందుకే సువర్చల ఇవాళ లావుపాటి చామంతి దండ తెచ్చి, ఆవిడ కళ్లకి అడ్డంగా వేసింది.

"దండ కాస్త కిందికి జరుపమ్మా. పులుసులో ఇంగువ వేశావో లేదో కనపడట్లేదు."

సువర్చల జరిపింది.

ఇంతలో భర్త శ్రీకర్ వచ్చి, ఆ ఫొటో పక్కనే మేకు కొట్టి ఖాళీ ఫ్రేము తగిలించాడు.

"ఇదెవరికండీ?"

"నీకే. ఇప్పట్నించే నిన్ను చూసి నేర్చుకుంటుందట. రేపు నువ్వు లేకపోయినా మాకు లోటుండదు."

"మంచిపని చేశావు నాన్నా," అంది అత్తగారు. "దీనికింకా చాలా నేర్పాలి."

సువర్చల నోరు తెరవకముందే, ఖాళీ ఫ్రేము ఆమె గొంతుతో అంది: "అలాగే అత్తయ్యా."