తొమ్మిది ఆదివారాలు

"ఇది నా మొహం కాదు" అంది ఆవిడ, కంప్యూటర్ వైపు వేలు చూపిస్తూ.

ఫొటో ల్యాబ్ యజమాని నవ్వు ఆపుకున్నాడు. ఎంత వెలిసిన ఫొటోకైనా రంగు తెప్పిస్తాడని వీధిలో అందరూ అతన్ని రంగుల మేస్త్రి అంటారు. తన మొహం తనది కాదనేవాళ్ళని రోజుకి నలుగురినైనా చూస్తాడు.

"మీదేనమ్మా. మీరు తెచ్చిన కెమెరా కార్డులోంచి ఎక్కించినవే, తొమ్మిది ఫొటోలూ."

"మరి ఇది చూడు!" ఆవిడ పాత కెమెరాని అతని ముక్కు కిందికి తెచ్చింది. దాని వెనక చిన్న తెర మీద అదే మనిషి, అదే కిటికీ, అదే దిండు. బుగ్గలు మాత్రం కళకళలాడుతున్నాయి. కంప్యూటర్‌లో అవే బుగ్గలు సున్నం కొట్టినట్టున్నాయి.

"తొమ్మిదీ ఒక్కలాగే పాలిపోయాయి. నీ కంప్యూటర్‌కి ఏదో రోగం ఉంది బాబూ."

"ఎప్పటివమ్మా ఇవి?"

"పదిహేనేళ్ళయింది. పెద్ద ఆపరేషన్ జరిగి మంచాన పడ్డాను. బతుకుతానని నాకే నమ్మకం లేదు. ప్రతి ఆదివారం మా ఆయన ఒక ఫొటో తీసి, 'చూశావా, పోయిన వారం కంటే రంగొచ్చింది' అని చూపించేవారు. నిజంగానే వచ్చేది! ఆ సంబరంలో రెండు ముద్దలు ఎక్కువ తినేదాన్ని. తొమ్మిదోది చూశాక లేచి గుమ్మం దాకా నడిచాను."

"అద్దంలో చూసుకునేవారు కాదా?"

"చేతి అద్దం అడిగితే ఎక్కడ పెట్టానో మర్చిపోయాననేవారు. ఒట్టి మతిమరుపు మనిషి." ఆవిడ కెమెరా తెరని కొంగుతో తుడిచింది. "ఆయన పోయి రెండేళ్ళు. ఇప్పుడు ఈ తెర మీదా గీతలు పడుతున్నాయి. ఇది ఆరిపోయేలోగా తొమ్మిదీ కాగితం మీదికి రావాలి. ఆయన చూపించిన రంగులోనే రావాలి."

మేస్త్రికి జాలేసింది. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"కంగారు పడకండి. కెమెరా మొదట ఫొటోని ఉన్నది ఉన్నట్టే దాచుకుంటుంది. తెర మీద చూపించేటప్పుడు, మనం అందులో పెట్టిన లెక్క ప్రకారం రంగులద్ది చూపిస్తుంది. ఆ లెక్క నా కంప్యూటర్ పట్టించుకోదు. అద్దకం లేని సరుకే చూపిస్తుంది."

"అయితే పాడవలేదుగా?"

"లేదు. ఆ లెక్క చూసుకుని నేనూ అంతే అద్దుతాను."

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "ఒక్క ఫొటోకి పావుగంటసేపు మీటలు నొక్కుతూ కూర్చునేవారు. చేతకానప్పుడు ఎందుకండీ అని విసుక్కునేదాన్ని. ఆ పావుగంట మళ్ళీ దొరికితే ఎంత బాగుండు."

మేస్త్రి కెమెరా అందుకున్నాడు. ఒక్కో ఫొటో తెరిచి, దాని వివరాల్లో ఎరుపు పక్కన ఉన్న అంకెను కాగితం మీద రాసుకుంటూ పోయాడు. తొమ్మిదోది రాశాక కాసేపు కంప్యూటర్ వైపు, కాసేపు ఆవిడ వైపు చూశాడు.

"ఏం బాబూ, కుదరదా?"

"ఎందుకు కుదరదమ్మా! అచ్చం ఆయన చూపించినట్టే వస్తాయి. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి."

ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి, అతను కాగితాన్ని మళ్ళీ చూశాడు.

వారానికో అంకె చొప్పున, ఎరుపు పెంచింది ఆయనే.