మెట్టు కీ

ఆ షెడ్డు మెకానిక్‌ని అందరూ డాక్టరనేవారు. ఇంజను దగ్గితే చాలు, పక్క వీధిలోంచే జబ్బు చెప్పేవాడు. ఒకసారి నిద్రలో, గురక ఆపకుండానే, ఒక లారీకి వైద్యం చెప్పాడంటారు.

ఆ రోజు అతని ముందున్నది బావ కారు. అక్క మొగుడు టాక్సీ నడుపుతాడు. కారు వయసూ ఆయన వయసూ ఇంచుమించు ఒకటే.

ఇంజనులో తిరిగే ఇరుసు, క్రాంక్ షాఫ్ట్, దాని కొసన ఒక గాడి ఉంటుంది. అందులో కీ అనే గోరంత ఉక్కు ముక్క కూర్చుని గేరుని కదలకుండా పట్టి ఉంచుతుంది. ఆ గాడి కాస్తా అరిగి, కీ పుచ్చుపన్నులా ఊగుతోంది.

డాక్టరు గాడి నిండా ఇనుప జిగురు కూరాడు.

"అది నిలవదు నాయనా," అన్నారెవరో.

గుమ్మంలో ఒక ముసలాయన. నలిగిన చొక్కా, చేతిలో గుడ్డ సంచి.

"నువ్వెవరు తాతా?"

"దారినపోయే వాణ్ణిలే. ఆ గాడిని ఆకురాయితో సమంగా వెడల్పు చెయ్యాలి. అడుగు లావుగా, పైన సన్నగా మెట్టు కీ అరగదీసి కూర్చోబెట్టాలి. సాయంత్రం దాకా పడుతుంది. నేను ఊరికే చేసిపెడతా."

"ఊరికే చేస్తానన్న వైద్యుణ్ణి నమ్మకూడదు బావా!" అన్నాడు డాక్టరు.

బావ గడ్డం గోక్కున్నాడు.

"పోనీ చెయ్యనివ్వరాదూ బామ్మర్దీ? రేపు కొండరోడ్డు ఎక్కాలి."

"నా చేతిమీద నమ్మకం లేకపోతే ఆయన వెంటే పో."

బావ వెనక్కి తగ్గాడు. అత్తారింటి వాళ్లతో పేచీ ఎవడికి కావాలి?

ముసలాయన వచ్చి డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"నా మాట విను నాయనా. చదును నేల మీద బాగానే ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వదిలేస్తుంది."

"వెళ్తావా, మిగిలిన జిగురు నీ మూతికి పెట్టమంటావా?"

షెడ్డంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు.

ముసలాయన సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం, కొండరోడ్డు మూడో మలుపులో కీ జారింది. ఇంజను చచ్చింది. వెనకాల లారీ ఆగలేకపోయింది.

ఇనుప ముద్దలా మిగిలిన కారుని డాక్టరే విప్పి చూశాడు. జిగురు పిండిపిండిగా రాలింది.

బావ కర్మలయ్యాక అక్క దగ్గరికి వెళ్లాడు. జిగురు సంగతి తానే చెప్పాడు. ఆమె లేచి తలుపు వేసుకుంది.

నెల తర్వాత ముసలాయన కోసం వాకబు చేశాడు. పక్క ఊరి షెడ్లలో ఆయన్ని తెలియనివాడు లేడు.

"మెట్టు కీ తాతేగా? మా ప్రాణాలూ తోడేస్తాడు," అంటూ ఇల్లు చూపించారు.

తలుపు తీసింది ఆయన భార్య.

"ఆయన లేరు బాబూ. ఎక్కడో షెడ్డుకి పాత కారొచ్చిందంటే పరిగెత్తారు."

"ఎన్నేళ్లు మెకానిక్‌గా చేశారమ్మా?"

"మెకానిక్కేమిటి? లెక్కల పంతులు. ఆకురాయి పట్టడం మా అమ్మాయి పోయాకే నేర్చుకున్నారు."

వెళ్లబోతున్న డాక్టరు గుమ్మంలోనే ఆగాడు.

"అమ్మాయి ఎలా పోయిందమ్మా?"

"మా కార్లోనే, అత్తారింటికి వెళ్తూ. ఆ కారు గాడికి జిగురు పెట్టింది ఈయనే."