ఎర్రబడిన బంగారం

"రాగి కలిపిన బంగారం చదువుకునే పిల్లకు అమ్మేదానికి నీకు చేతులెట్టా వచ్చినాయి జనార్దనయ్యా?"

మనిషి గడప దాటకముందే హన్నమ్మ గొంతు లోపలికి వచ్చేసింది. చెవులు మూసేలా కొంగు కప్పుకుని, ఎండన పడి వచ్చింది. ఆత్మకూరు బజారులో జనార్దనయ్య నగల అంగడి పెళ్ళిళ్ళ గిరాకీతో నిండి ఉంది. కాబోయే కోడలికి గొలుసు చూస్తున్న కలువాయి రమణయ్య, చేతిలో ఉన్నదాన్ని తిరిగి ట్రేలో పెట్టేశాడు.

హన్నమ్మ కేకకన్నా ఆ గొలుసు ట్రేలో పడ్డ చప్పుడే జనార్దనయ్యకు గట్టిగా వినిపించింది.

"కూర్చో హన్నమ్మా. నీళ్ళు తాగు. ఏమయింది?"

"నీళ్ళు తాగేదానికి ఉదయగిరి నుంచి బస్సెక్కి రాలేదు. మా మనవరాలు రూబీ పోయిన నెల నీ కాడ గ్రాము బిళ్ళ కొనిందే, అది ఎర్రబడిపోయిందంట. పొద్దున్నే ఫోన్ చేసింది. బంగారం ఎర్రబడిందంటే ఏంది? రాగి! చెక్క గరిటెలు చేసుకునేదాన్నే గానీ, ఆ మాత్రం తెలీదనుకున్నావా?"

అంగట్లో ఆడవాళ్ళు ఎవరి మెడ వాళ్ళు తడుముకున్నారు. రమణయ్య భార్య శీనమ్మ సంచి చంకన పెట్టుకుంది. "పద పద. నెల్లూరులో చూసుకుందాం."

జనార్దనయ్యకు లెక్క క్షణంలో తేలింది. వీళ్ళిద్దరూ మెట్లు దిగితే వెనకాలే పదిమంది దిగుతారు. సాయంత్రానికి మాట వింజమూరు చేరుతుంది. బతిమాలితే తప్పు ఒప్పుకున్నట్టే. లేచి నిలబడ్డాడు.

"అందరూ వినండి! ఈ అంగట్లో కొన్న సరుకులో, నేను చెప్పినదానికన్నా పిసరంత రాగి ఎక్కువుందని ఎవరు చూపించినా, రెండింతల తూకం మేలిమి బంగారం ఇస్తాను. ఇక్కడే, ఇప్పుడే. హన్నమ్మా, నీ మనవరాలికి ఫోన్ చెయ్యి. అందరికీ వినపడేటట్టు పెట్టు."

హన్నమ్మ ఫోన్ చేసింది. యూనివర్సిటీ ల్యాబులో ఉన్న రూబీ మొదటి రింగుకే ఎత్తింది.

"అవ్వా! అందరికీ చెప్పినావా, బంగారం ఎర్రగా వచ్చిందని?"

"చెప్పకేం! ఆ దొంగ బంగారం అమ్మినోడి అంగట్లోనే నిలబడుకోనుండాను."

"అయ్యో అవ్వా! ఎర్రగా రావాలనే గదా నేను ఆర్నెల్లుగా చస్తా ఉండేది!"

మెట్ల వైపు నడిచిన శీనమ్మ వెనక్కి తిరిగింది.

"బంగారాన్ని యాసిడ్‌లో కరిగించి, మన ఉదయగిరి కొండ మీది ఆకుల రసం పోసి, కంటికి కనపడనంత నలుసులు చేస్తాం. నానో అంటారు. అంత చిన్నదైతే బంగారం పచ్చగా ఉండదు, దానిమ్మ రసం మాదిరి ఎర్రగా అవతాది."

"పోవే! గరిటెను ఎంత సన్నగా చెక్కినా పొట్టు చెక్క రంగే గదా?"

"అది చెక్క. ఇది బంగారం. ఆ నలుసుల్ని గాజు పళ్ళెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద వేసినాం అవ్వా. వాటిల్లో వాపు తగ్గింది! ఆ వాపే క్యాన్సర్‌కు బలం. ఇది మందు కావాలంటే ఇంకా చానా ఏళ్ళు పడతాది. కానీ తగ్గింది. మూడుసార్లు చేసి చూసినాం."

జనార్దనయ్య ఫోన్ మీదికి వంగాడు. "అమ్మా రూబీ, నా బిళ్ళ నాణ్యం సంగతి కూడా చెప్పు తల్లీ. కొంచెం గట్టిగా."

"మిషన్లో పెట్టి చూసినాం అంకుల్. మీరు చెప్పిన నాణ్యమే ఉండాది."

శీనమ్మ మళ్ళీ కూర్చుంది. "మా చెల్లెలు ఆ జబ్బుతోనే పోయింది" అంది మెల్లగా. "నీ మనవరాలు చల్లగా ఉండాల హన్నమ్మా."

హన్నమ్మ నడుము నిటారైంది. "నేను గరిటెలు చెక్కతా ఉంటే ఆ పొట్టులో ఆడుకున్న పిల్లమ్మా! ఈ పొద్దు బంగారాన్నే పొట్టు చేసింది!"

రమణయ్య గొలుసు మళ్ళీ చేతిలోకి తీసుకుని, దానికి జతగా గాజులు కూడా చూపించమన్నాడు. గుమ్మం మీద రాయించాల్సిన బోర్డు అప్పుడే జనార్దనయ్య కళ్ళకు కట్టింది: 'క్యాన్సర్ పరిశోధనకు పనికొచ్చిన బంగారం మాదే.' ఛాతీ విరుచుకుని నలువైపులా చూశాడు.

"నా మాట మీదే ఉన్నాను. రెండింతల తూకం! ఇంకెవరికైనా అనుమానముందా?"

హన్నమ్మ కళ్ళు తుడుచుకుని కొంగు వెనక్కి తీసింది. చెవుల కమ్మలు రెండూ ఊడదీసి, తూకం మిషన్ మీద పెట్టింది.

"ఐదేళ్ళ కింద నీ కాడే కొన్నాను. చీటీ కూడా ఉండాది. నా చెమటకేమోలే అని ఇన్నాళ్ళూ గమ్మునున్నాను."

రెండూ ఎర్రగా ఉన్నాయి. జనార్దనయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఎరుపు మంచిదే గదా హన్నమ్మా. నీ మనవరాలే చెప్పింది, ఇప్పుడేగా విన్నావు?"

"విన్నాను. కానీ ఇవి ల్యాబుకు పోలేదు జనార్దనయ్యా. నా చెవుల్లో ఉండే ఎర్రబడినాయి."