తాయారమ్మ మౌనవ్రతం

ఇళ్ళే మనుషుల మనసులు కనిపెట్టుకుని ఉండే రోజులవి. ఏకాదశినాడు తాయారమ్మ మౌనవ్రతం పడితే, ఆమె గొంతు వినపడక కంగారుపడిన ఇల్లు తనంతట తానే ముగ్గురిని పిలిచేసింది.

“నేను సైకియాట్రిస్టునమ్మా, అవసరమైతే మందులు రాస్తాను,” అన్నాడొకాయన.

“నేను సైకాలజిస్టుని. మాత్రలివ్వను, పరీక్షలు పెట్టి ఆలోచనల చిక్కు విప్పుతాను,” అంది రెండో ఆవిడ.

“నేను కౌన్సెలర్నండీ. ఇంటి కష్టసుఖాలు కూర్చుని వింటాను,” అంది మూడో అమ్మాయి.

తాయారమ్మ క్యాలెండర్లో ఏకాదశి చూపించింది. మొదటి ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. అమ్మాయీ లేవబోతుంటే తాయారమ్మ భర్త నరసింగరావు, “రిటైరయ్యాక నాకేం తోచడం లేదమ్మా,” అన్నాడు. ఇక ఆయన మాట ఆగలేదు.

ఇన్నాళ్ళ ఆయన మౌనాన్ని ఇల్లూ పట్టించుకోలేదు, తానూ పట్టించుకోలేదని తాయారమ్మకి అప్పుడు తట్టింది.

సాయంత్రానికి వ్రతం ముగిసింది. అయినా తాయారమ్మ నోరు విప్పకుండా వాళ్ళిద్దరికీ ఇంకో విడత కాఫీ కలిపింది.